కాలు పెట్టని స్విచ్చి

మా బావ చేతికి వణుకు వచ్చిందని నాకంటే ముందు మిషనుకి తెలిసింది.

బావ అంటే నా మొగుడే, మేనత్త కొడుకు. పెళ్ళికి ముందు బావా అని పిలిచాను, పెళ్ళయ్యాక ఏవండీ అనడానికి నాకు నోరు తిరగలేదు. చీపురుపల్లిలో స్టేషనుకి పోయే దారిలో ఉండేవాళ్ళం. ముందు గది కొట్టు, వెనక గదులు కాపురం. మాకు పిల్లలున్నారు, బాగానే ఉన్నారు, ఈ సంగతిలో వాళ్ళకి పని లేదు. వడ్రంగం మామయ్య దగ్గర్నుంచి వచ్చింది. ద్వారబంధాలు, తలుపులు చేయించుకునేవాళ్ళు తగ్గిపోయి, అందరూ తయారుగా ఉన్నవి కొని లారీల్లో తెచ్చుకుంటున్న రోజులు. బావ దేవుడి మందిరాల మీద పడ్డాడు. ఇంట్లో ఒక గోడకి ఆనించి పెట్టుకునే చెక్క మందిరాలు. వాటి తలుపులకీ, నెత్తి మీద గోపురానికీ జాలీ పని ఉంటుంది. పలకలో తామరపూలు, తీగలు, శంఖచక్రాలు మిగిలేటట్టు చుట్టూ ఉన్న చెక్కని తొలిచి తీసెయ్యడమే జాలీ పని.

ఆ పనికి బావ దగ్గర ఒక మిషను ఉండేది. చిన్న ఇనప బల్ల, దాని మధ్యలో చిల్లు, ఆ చిల్లులోంచి దారప్పోగంత సన్నని రంపం బ్లేడు నిలువుగా నిలబడి కుట్టు మిషను సూదిలా పైకీ కిందకీ ఆడుతుంది. రంపం ఉన్న చోటే ఉంటుంది. మనిషి చెక్కని రెండు చేతులతో బల్లకి అదిమి పట్టి, గీత వెంట తిప్పుకుంటూ పోవాలి. మేము దాన్ని జాలీ మిషను అనేవాళ్ళం. కాగితం మీద డిజైను గీసి చెక్కకి అంటించడం, కోసిన తర్వాత లోపలి అంచుల్ని గరుకు కాగితంతో రుద్దడం నా వంతు. ముగ్గుల చెయ్యి కాబట్టి తీగలు తిప్పడం నాకు కష్టం కాలేదు.

అంత సన్నని బ్లేడు తెగడం మామూలే. అయితే ఒక ఏడాది అవి మరీ తెగాయి. బావ మొదట బ్లేడులు నకిలీవి అన్నాడు. తర్వాత కరెంటు ఎక్కువ తక్కువగా వస్తోందన్నాడు. ఆ తర్వాత నేను అంటించిన కాగితం మందంగా ఉందన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నాడట అని నేనంటే నవ్వాడు కూడా.

ఒక మధ్యాహ్నం అన్నానికి పిలవడానికి వెళ్ళి గుమ్మంలో నిలబడి చూశాను. రెండు చేతులూ చెక్క మీద ఉన్నంతసేపూ కుదురుగా ఉన్నాయి. మిషను ఆపడానికి కుడిచెయ్యి ఎత్తాడు. ఎత్తగానే వేళ్ళు బియ్యంలో రాళ్ళు ఏరుతున్నట్టు ఆడాయి. ఆ చెయ్యి స్విచ్చి దాకా పోవడానికి చాలాసేపు పట్టింది. ఈలోగా ఒంటిచేతి కింద చెక్క ఎగిరింది, బ్లేడు టప్పుమని తెగింది. బావ ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని దాని మీద ఎడమచెయ్యి కప్పి కూర్చున్నాడు. నేను అన్నానికి పిలవకుండానే వెనక్కి వచ్చేశాను.

విజయనగరంలో నరాల డాక్టరు దగ్గరికి పాసింజరు బండిలో వెళ్ళాం. ఆయన బావని నడవమన్నాడు, తిరగమన్నాడు, వేళ్ళు ఆడించమన్నాడు. పార్కిన్సన్ అని చెప్పి, మాకు అర్థం కావాలని వణుకుడు జబ్బు అన్నాడు. చెయ్యి ఊరికే ఉన్నప్పుడు వణుకుతుందనీ, పని పట్టుకుంటే తగ్గుతుందనీ, మొదట్లో ఇలాగే ఉంటుందనీ అన్నాడు. మొదట్లో అన్న మాట నేను విన్నాను. బావ వినలేదు.

తిరుగు బండిలో కిటికీ పక్కన కూర్చుని చాలా రోజుల తర్వాత హుషారుగా మాట్లాడాడు.

"పనిలో ఉంటే రాదన్నాడు, ఇన్నావా? అయితే పని మానకపోతే సాలు. అదే మందు."

"ఊ" అన్నాను.

అప్పట్నుంచి బావకి ఆ బల్ల మీద ప్రాణం. అన్నం వడ్డించేదాకా ఒళ్ళో పెట్టుకున్న చెయ్యి వణికేది, అరుగు మీద ఊరికే కూర్చుంటే వణికేది, ఎవరైనా వచ్చి ఎదురుగా కూర్చుంటే ఇంకా ఎక్కువ వణికేది. జాలీ మిషను ముందు, చెక్క పట్టుకున్నంతసేపు మాత్రం అవి పాత చేతులే. రోజు మొత్తం మీద తన చేతులు తన మాట వినే చోటు అదొక్కటే మిగిలింది. దాన్ని పోగొట్టుకుంటాడేమోనని ఆయనకి భయం. ఆయనకంటే నాకు ఎక్కువ భయం.

మా తమ్ముడు విశాఖపట్నంలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. సంగతి విని ఒక ఆదివారం సంచిలో ఏదో పట్టుకుని దిగాడు. ఇనప పెట్టె, దాని మీద పసుపురంగు మూత, వెనక పొడుగాటి వైరు. దాన్ని నేల మీద పెట్టి, మిషను ప్లగ్గు తీసి దానికి గుచ్చి, దాని ప్లగ్గు గోడకి పెట్టాడు. మూత మీద కాలు వేశాడు, మిషను తిరిగింది. కాలు తీశాడు, ఆగింది.

"సూసినావా బావా. నీ సేతులు రెండూ సెక్క మీదే ఉంటాయి. ఆపాలంటే కాలు తీసీడమే. ఇంక బ్లేడు తెగదు."

నాకు ఏడుపు వచ్చినంత పనైంది. ఇంత చిన్న వస్తువుతో తీరిపోయే కష్టానికా ఇన్నాళ్ళు కుమిలిపోయాం అనిపించింది. బావ మాత్రం ఆ పెట్టె వంక అనుమానంగా చూస్తున్నాడు.

"దేనికి కలిపినావురా దీన్ని?"

"మిషనుకే."

"అంటే దీన్ని తొక్కితే మిషన్ని తొక్కినట్టే గదా."

"స్విచ్చి బావా అది. మిషను పైన ఉన్నాది, స్విచ్చి కింద ఉన్నాది."

"వైరు ఉన్నాది గదరా మజ్జిన."

తమ్ముడు నా వంక చూశాడు. నాకు తెలుసు అది ఎక్కడ పుట్టిన మాటో. మామయ్య కొట్లో పనిముట్టుకి కాలు తగలకూడదు. నేల మీద ఉన్న ఉలికి పొరపాటున బొటనవేలు తగిలినా వంగి దాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకోవాలి. రంపాన్ని దాటి అడుగు వేస్తే మామయ్య చేతిలో ఉన్నది విసిరేవాడు. దసరాకి అన్నిటికీ పసుపు రాసి బొట్టు పెడతాం, జాలీ మిషను మెడకి కూడా పెడతాం. అలాంటి ఇంట్లో పుట్టినవాడిని రోజంతా పనిముట్టుని తొక్కుతూ కూర్చోమంటే ఎలా?

అయినా ఊరుకుంటే నేను నేనే కాదు. "దర్జీలు తొక్కరేటి బావా?" అన్నాను.

"వాళ్ళ ఆచారం వాళ్ళది. కుమ్మరోడు సారె కాలితో తిప్పుతాడేటి? కర్రెట్టి సేత్తో తిప్పుతాడు."

తమ్ముడు ఫోను తీసి వీడియో పెట్టాడు. ఎక్కడి దేశమో, తెల్లగడ్డం పెద్దాయన అచ్చం ఇలాంటి స్విచ్చినే తొక్కుతూ చెక్కలో గుర్రాన్ని కోస్తున్నాడు. బావ ఆ గుర్రాన్ని మెచ్చుకున్నాడు. వీడియో అయ్యేదాకా చూసి, ఫోను వెనక్కి ఇచ్చేస్తూ, "బూటుతో తొక్కతన్నాడ్రా" అన్నాడు. అంతే. స్విచ్చి పాత చీర ముక్కలో చుట్టుకుని గూట్లోకి పోయింది.

మళ్ళీ బ్లేడులు తెగడం మొదలు. కోపం వచ్చిన రోజున బావ కొట్టు తలుపు దగ్గరగా వేసుకుంటాడు. ఆ వేసిన తలుపు చూస్తూ కూరగాయలు తరగడం నా వల్ల కాలేదు. ఒకనాడు స్విచ్చి దింపి, పీట మీద పెట్టి, దాని పక్కన మిషను కింద చతికిలబడి కూర్చున్నాను. మూత మీద అరచెయ్యి వేశాను.

"సేత్తో నొక్కితే తప్పుందేటి?" అన్నాను.

బావ నా చేతి వంకా మూత వంకా చూశాడు. మామయ్యని తలుచుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది.

"సేత్తో అయితే ఏటి తప్పు. సెయ్యి సెయ్యే గదా" అన్నాడు.

అలా కాలి స్విచ్చికి మా ఇంట్లో చేతి ఉద్యోగం దొరికింది. తమ్ముడికి ఫోన్లో చెబితే పొట్ట పట్టుకుని నవ్వాడు. కాలు పెట్టని కాలి స్విచ్చి లోకంలో మీ ఇంట్లోనే ఉన్నాది అన్నాడు. నవ్వితే నవ్వాడు గానీ బ్లేడు తెగడం తగ్గింది.

పనికి మాటలు కావాలి కదా. "నొక్కు" అంటే నొక్కుతాను, "ఉండు" అంటే చెయ్యి తీస్తాను. "ఆపు" అనే మాట ఆ కొట్లో లేదు. దీపం ఆరిపోయింది అనకుండా కొండెక్కింది అన్నట్టు, పోతున్నాను అనకుండా వస్తాను అన్నట్టు, మామయ్య కొట్లో పనిని ఆపు అనకూడదు. ఆపమంటే నిజంగానే ఆగిపోతుందట. రంపం లాగేటప్పుడు అవతలివాడికి ఉండు అని చెప్పాలి, అంతే. ఇంకో మాట కూడా ఉంది. చెక్కలో ముదురు చార వచ్చినప్పుడు మిషను చప్పుడు బరువెక్కుతుంది. ఆ మార్పుకి నేను కంగారుపడి చెయ్యి తీసేస్తానేమోనని బావ ముందే "ఉంచు, ఉంచు" అనేవాడు. నొక్కి ఉంచమని.

కింద కూర్చున్న నాకు బల్ల అడుగూ, బావ మోకాళ్ళూ తప్ప ఇంకేమీ కనబడవు. పైన పువ్వు కోస్తున్నాడో తీగ కోస్తున్నాడో తెలియదు. చిల్లులోంచి పొట్టు నా చేతి మీద రాలుతూ ఉంటుంది. నాకు ఆధారం చెవులే. పొయ్యి మీద అన్నం మాడిన రోజులున్నాయి, లేచేటప్పుడు మోకాళ్ళు పట్టేసి బల్లకాలు పట్టుకుని లేచిన రోజులున్నాయి. సుఖంగా ఉండేది అని చెప్పలేను. అయినా తలుపు దగ్గరగా వెయ్యడం మానేశాడు కాబట్టి నేను ఆ మాత్రం కష్టానికి ఏమీ అనుకోలేదు.

అంతలో జబ్బు చేతి నుంచి గొంతుకి పాకింది. మాకు తెలియలేదు. బావ మాట రోజురోజుకీ లోపలికి పోతోంది. పని చెప్పడానికి వచ్చినవాళ్ళు ముందుకి వంగి, ఏటన్నావు బాబూ అని మళ్ళీ అడిగేవారు. బావకి మాత్రం తను మామూలుగా మాట్లాడుతున్నట్టే ఉండేది.

"నీకు సెవుడు వస్తన్నాదే" అన్నాడు నన్ను ఒకనాడు.

నిజమేనేమో అనుకున్నాను. మా అమ్మకి ఈ వయసులోనే వచ్చింది. వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవుల్లో పోసుకుని, దూది పెట్టుకుని, మెడ వంచుకుని పడుకునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ నవ్వు వెనకాలే ఇంకేదో వస్తుంది. రైలు కూత వినిపించేది, పక్కింటి కుక్కర్ విజిలు వినిపించేది, బావ మాట ఒక్కటే వినిపించేది కాదు. అప్పుడైనా నాకు తట్టాల్సింది.

ఆ రోజుల్లో శృంగవరపుకోట వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. అంతకు ముందు వచ్చిన పెద్ద తుఫానుకి వాళ్ళ కల్లం గట్టు మీద టేకు చెట్టు కూలింది. వాళ్ళ నాన్న నాటిన చెట్టట. పొయ్యిలోకి పోనివ్వడం ఇష్టం లేక పలకలు కోయించి ఎండబెట్టి, అందులోంచి దేవుడి మందిరం చేసి పెట్టమని మా కొట్టుకి వెతుక్కుంటూ వచ్చాడు. విజయనగరంలో కంప్యూటరు మిషన్లు వచ్చాయి, అచ్చు గుద్దినట్టు కోసి ఇస్తాయి. అది తెలిసే మా దగ్గరికి వచ్చానన్నాడు. బావ ఆ పలకని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఆయన మొహం అలా వెలగడం చూసి చాలా కాలమైంది. తలుపులకి నిండుగా విచ్చిన తామరలు గియ్యమన్నాడు, చుట్టూ ఆకులు, సన్న తొడిమలు. తేలిక డిజైను గియ్యనా అంటే వద్దన్నాడు. నేను గీశాను.

మందిరం ఒళ్ళంతా అయింది. ఒక తలుపు అయింది. రెండో తలుపు కోస్తుండగా జరిగింది.

పొద్దున్నే. మిషను చప్పుడు బరువెక్కింది. బావ ఏదో అన్నాడు. "ఉంచు" అని వినబడింది. ముదురు చార వచ్చిందనుకుని మూతని ఇంకా గట్టిగా అదిమాను. మళ్ళీ అన్నాడు. ఇంకా అదిమాను. చిల్లులోంచి నా చేతి మీద రాలుతున్న పొట్టు తడిగా రాలింది. చూస్తే ఎర్రగా ఉంది.

బావ చూపుడువేలు బ్లేడు దారిలోకి పోయింది. చెయ్యి లాగేసుకుంటే పలక ఎగిరి పువ్వు విరిగిపోతుందని లాక్కోలేదు, ఉండు ఉండు అంటూ అలాగే పట్టుకుని కూర్చున్నాడు. బ్లేడు సన్నది కాబట్టి వేలు మిగిలింది. ఆస్పత్రిలో కుట్లు వేసి కట్టు కట్టారు. ఇంటికి వచ్చాక ఇద్దరం చిన్నపిల్లల్లా వాదులాడుకున్నాం.

"నాను ఉండు అన్నాను."

"ఉంచు అన్నావు బావా."

"ఉండు అన్నానే."

"నాకు ఉంచు అనే ఇనబడ్డాది."

తప్పు నాదని నేను ఆ రోజూ అనుకోలేదు, ఈ రోజూ అనుకోను. బావదీ కాదు. ఎవరిదో ఒకరిది చెప్పి తీరాలంటే మామయ్యది అంటాను. ఆపు అనే మాట ఆ ఇంట్లో చెల్లి ఉంటే, ఎంత గొణిగినా అది ఉంచు అని వినబడదు. ఆచారం పెట్టినవాళ్ళు హాయిగా పోతారు, వేళ్ళు తెగేది మనకి.

"ఇంక నాను నొక్కను" అన్నాను.

"పోనీ, ఆపు అనే అంటాను లే. నాయనేటి సూస్తాడా."

అది ఆయన నోట్లోంచి రావడానికి ఎంత కష్టపడి ఉంటాడో నాకు తెలుసు. అయినా చెప్పక తప్పలేదు.

"ఏ మాటన్నా ఒకటే బావా. నీ మాట నాకు ఇనబడ్డం లేదు."

"సెవుడు నీకు."

"నాకు లేదు. నీకు గొంతు పోతన్నాది. కొట్టుకొచ్చినోళ్ళందరూ రెండుసార్లు అడగతన్నారు, నువ్వు సూడ్డం లేదు."

ఆయన ఏదో అన్నాడు. నాకు వినబడలేదు. ఏటన్నావు అని అడగబోయి ఊరుకున్నాను. ఆయన నా నోటి వంక చూశాడు, నేను అడగకుండా మింగిన మాట ఆయనకి అర్థమైంది.

తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను, ఆఖర్న చెప్పడానికి నాకు ఓపిక ఉండదు. ఆ రెండో తలుపు విజయనగరం పంపి మిగిలిన సగం కంప్యూటరు మిషను మీద కోయించాం. అచ్చు గుద్దినట్టే వచ్చింది. దగ్గరగా చూస్తే ఏది చేతితో కోసిందో తెలిసిపోతుంది, రైతుకీ తెలిసింది, పెద్దమనిషి కాబట్టి ఏమీ అనలేదు. ఒకసారి తొక్కితే మళ్ళీ తొక్కేదాకా తిరిగే స్విచ్చి తెస్తానని తమ్ముడు అన్నాడు. బావ చెయ్యి ఊపి వద్దన్నాడు. జాలీ మిషను ముందు ఆయన మళ్ళీ కూర్చోలేదు. మరి కొన్నేళ్ళు బతికాడు. వాటిలో చివరివి ఎలా గడిచాయో అలాంటి మనిషిని చూసుకున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, చూసుకోనివాళ్ళకి చెప్పినా తెలియదు.

నేను చెప్పాలనుకున్నది ఆ రెండో తలుపుని విజయనగరం పంపడానికి ముందు జరిగింది.

వేలు మానింది. ఒక మధ్యాహ్నం నేను వెనక గదిలో మినుములు బాగుచేస్తున్నాను. పెరట్లో నీళ్ళు పోసుకున్న చప్పుడు వినిపించింది. ఈ వేళప్పుడు స్నానమేమిటా అని చూస్తే బావ కాళ్ళు కడుక్కుంటున్నాడు. మడమలు కూడా రాయికేసి తోముకున్నాడు. తడి పాదాలతో నా ముందు నుంచే కొట్లోకి వెళ్ళాడు. నా వంక చూడలేదు.

కాసేపటికి మిషను మొదలైంది. మొదలై ఆగింది. మళ్ళీ మొదలై మళ్ళీ ఆగింది. గర్రుమనడం, ఆగడం, గర్రుమనడం, ఆగడం. వెక్కిళ్ళు పట్టిన మనిషిలా. చేట పక్కన పెట్టి వెళ్ళాను.

స్విచ్చిని పీట మీంచి దింపి నేల మీద పెట్టుకున్నాడు. దాని మూత మీద కుంకుమ బొట్టు. అంటే వంగి దండం పెట్టుకున్నాడన్నమాట, క్షమించమన్నాడన్నమాట. కుడిపాదం దాని మీద ఉంది. రెండు చేతులూ సగం కోసిన తలుపు పలక మీద కుదురుగా ఉన్నాయి. ఒక తామర పక్కన ఒక్క ఆకు మిగిలింది, అక్కడ బ్లేడు దూర్చుకున్నాడు. దగ్గరికి వంగితే మాట వినబడింది.

"వైరు లూజేమో సూడవే."

చూశాను. గోడ దగ్గర ప్లగ్గు చూశాను, స్విచ్చి వెనక వైరు చూశాను, మిషను దగ్గర చూశాను. ఎక్కడా లూజు లేదు. తల దించి ఆయన పాదం వంక చూస్తే తెలిసింది. పాదం మూత మీద టపటపా కొట్టుకుంటోంది. ఊరికే ఉన్నప్పుడే వణుకుతుందని డాక్టరు చెప్పాడు కదా. చేతులకి పట్టుకోవడానికి చెక్క ఉంది, కాలికి పట్టుకోవడానికి ఏమీ లేదు. తండ్రి మాట కాదని, దేవుడికి దండం పెట్టుకుని కాలు వేసేసరికి, ఆ కాలు కూడా అప్పటికే ఆయనది కాకుండా పోయింది.

"లూజుగానే ఉన్నాది బావా" అన్నాను. ప్లగ్గు తీసి మళ్ళీ గట్టిగా గుచ్చాను.

మిషను మళ్ళీ అలాగే వెక్కింది. బావ పలక మీంచి చేతులు తియ్యలేదు. తీస్తే అవి కూడా మొదలవుతాయి. నా వంకా చూడలేదు. అలా ఎంతసేపైనా కూర్చుంటాడని నాకు అనిపించింది.

పెళ్ళయినప్పట్నుంచి ఆయనకి నా కాలు తగలనివ్వలేదు. నిద్రలో తగిలినా లేచి ముట్టుకుని కళ్ళకద్దుకునేదాన్ని. అమ్మ అలాగే చేసేది, అత్త అలాగే చేసేది. ఆచారాల మీద ఇందాకట్నుంచి ఇంత విరుచుకుపడుతున్న నేను కూడా అలాగే చేసేదాన్ని. ఆయన పక్కన నిలబడి, భుజం పట్టుకుని, నా పాదం ఎత్తి ఆయన పాదం మీద పెట్టి బరువంతా వేశాను.

మిషను ఎడతెగకుండా తిరిగింది.

బావ కోశాడు. తొడిమ దగ్గర మొదలుపెట్టి, ఆకు వంపు చుట్టి, కొసన బ్లేడు నిలిపి పలకని తిప్పి, అవతలి అంచు వెంట దిగాడు. నేను గీసిన గీత మీంచి వెంట్రుకవాసి అటూ ఇటూ పోలేదు. ఆయన పనిచేస్తుండగా నిలబడి పైనుంచి చూసి ఎన్నాళ్ళయిందో. ఇన్నాళ్ళూ కింద కూర్చుని బల్ల అడుగే చూశాను. ఆకు చుట్టూ చెక్క ఊడి కింద పడింది. బావ పొట్టు ఊదాడు. పలక బయటికి తియ్యాలంటే బ్లేడు పై కొస విప్పాలి, అందుకు నేను చెయ్యి సాయం చేద్దామని ఎదురుచూశాను, ఆయన అడగలేదు.

ఇంక ఆ చోట కొయ్యడానికి ఏమీ లేదు. నేను కాలు తీస్తే మిషను ఆగుతుంది. ఆగితే మళ్ళీ తిప్పమని ఆయన అడగడని నాకు తెలుసు. ఆయనకీ తెలుసనుకుంటాను, ఉండు అనలేదు. ఉంచు అనీ అనలేదు. బ్లేడు ఖాళీ జాగాలో పైకీ కిందకీ ఆడుతూ ఉంది. ఆయన చేతులు పలక మీదే ఉన్నాయి. నేను ఆయన భుజం మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాను.

అంతలో కరెంటు పోయింది. మిషను ఆగింది. నా కాలి కింద బావ కాలు ఆగలేదు.